పళ్ల మీద చారలు

జూన్ 4

చెల్లమ్మా,

బతికే ఉన్నావనీ, ఏదో పనిలో చేరావనీ పరాయివాళ్ల నోట వినాల్సి వచ్చింది. నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పడేస్తే నీ సొమ్మేం పోయేది?

నువ్వు ఇల్లు వదిలి మూడు నెలలు. మీ వదిన నీ కంచం బోర్లించి ఉంచింది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. నేను మాత్రం మారలేదు. ఆ ఆదివారం మందిరంలో వేదిక మీద అన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. పిల్లల తరగతి చెప్పే మనిషి నోరు శుభ్రంగా ఉండాలన్నాను. తప్పా? నీ దగ్గర చదివే పిల్ల ఇంటికెళ్లి, "టీచరమ్మ పళ్లు పొగాకు నమిలే తాతయ్య పళ్లలా ఉన్నాయేంటమ్మా" అని అడిగిందట. ఆ తల్లి వచ్చి నా ముందు నిలబడితే నేనేం చెయ్యాలి? నా చెల్లెలు గనక కప్పెట్టాలా? కన్నకొడుకుల తప్పులు చూసీ చూడనట్టు ఊరుకుని ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న ముసలి యాజకుడి కథ గ్రంథంలో ఉంది. నిన్ను ఒళ్లో కూచోబెట్టుకుని ఆ కథ చెప్పింది నేనే.

పన్నెండేళ్లు కంపౌండరుగా చేసినవాణ్ణి. వేదిక ఎక్కక ముందు నేను చూసినవన్నీ నోళ్లే. నోరు చూసి మనిషి అలవాట్లు చెప్పగలను. ముందు పళ్ల మీద అడ్డంగా ముదురు చారలు. మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. ఎప్పుడూ బుగ్గలో లవంగం. ఏ తప్పూ లేనివాళ్లు నోరు దాచుకుంటారా? పైగా అంతమందిలో లేచి నిలబడి "నేనెప్పుడూ ముట్టలేదు" అన్నావు. నా గుండె విరిగింది అక్కడే. పొగాకు మాన్పించొచ్చు. అబద్ధం మాన్పించడం నా వల్ల కాదు.

ఒప్పుకో. అందరి ముందూ అక్కర్లేదు, నాకు రాయి చాలు. నీ తరగతి నీకు ఇప్పిస్తాను.

నిన్ను ఎత్తుకుని పెంచిన
అన్నయ్య


జూన్ 15

అన్నయ్యా,

ఉత్తరం అందింది. ఆ కంచం లోపల పెట్టెయ్యమను వదినని. ఉత్తపుణ్యానికి దుమ్ము కొట్టుకుపోతుంది.

నేను చేస్తున్న పనేంటో తెలుసా? కట్టుడు పళ్లు తయారుచేసే చోట. నవ్వుకో, నవ్వుకో. మొదట్లో సున్నపు అచ్చులు కడిగేదాన్ని. ఇప్పుడు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు, రంగులు చూసే పని. వరసగా గుచ్చిన పదహారు నమూనా పళ్లుంటాయి, ఒక్కోదానికీ ఒక్కో అంకె. చేసిన పన్నుని నమూనా పక్కన పట్టి పగటి వెలుతురులో చూడాలి. అయిదు లెక్కపెట్టేలోపు తేల్చెయ్యాలి. అంతకంటే ఎక్కువసేపు చూస్తే కన్ను ఆ రంగుకి అలవాటుపడి తప్పు చెబుతుంది. అప్పుడు కాసేపు బూడిదరంగు అట్ట వంక చూసి మళ్లీ చూడాలి. నీకొక అట్ట పంపుదామా అనిపించింది. నువ్వు నన్ను ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నావు కదా.

ఇక్కడికి వచ్చే పళ్ల డాక్టరమ్మ మొన్న నా చెయ్యి పట్టుకుని లాగేసింది. "ఎప్పుడు చూసినా ఆ చెయ్యేంటి, నోటికి తలుపా?" అని కుర్చీలో పడుకోబెట్టింది. గీకింది, రుద్దింది. పొగాకు మరకలూ టీ మరకలూ పంటి పైన పేరుకుంటాయట. చిగుళ్ల దగ్గరా సందుల్లోనా ఎక్కువుంటాయి, శుభ్రం చేస్తే పోతాయి. నావి పిసరంత కదల్లేదు. దెబ్బ తగిలి చచ్చిన పన్నయితే అదొక్కటే నల్లబడుతుంది. నీళ్లలో దోషమైతే సుద్ద మచ్చల్లా వస్తాయి, ఆ నీళ్లు తాగి పెరిగిన నీకూ ఉండాలి. "ఇది లోపలి రంగు. చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడే పడింది. చిన్నప్పుడు నీకు ఏం మందులు వాడారు?" అంది.

అమ్మ లేదు, నాన్న లేడు. తెలిసినవాడివి నువ్వొక్కడివే. గుర్తుంటే రాయి.

ఇంకో సంగతి గుర్తు తెచ్చుకో. నా పాలపళ్లు ఊడి, ఏడేళ్లప్పుడు కొత్తవి వచ్చినప్పుడే పసుపు చారలతో వచ్చాయి. సరిగ్గా తోమడం లేదని బొగ్గుపొడి పెట్టి నువ్వే తోమేవాడివి, నురగ ఎర్రగా అయ్యేదాకా. ఏడేళ్ల పిల్ల పొగాకు నమిలిందా అన్నయ్యా?

ఒప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు. తరగతి ఇప్పించక్కర్లేదు. వేదిక మీద తీసిన పేరు వేదిక మీదే తిరిగివ్వు. నాకు కావాల్సింది అదొక్కటే.

చెల్లెలు


జూలై 9

చెల్లమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉత్తరం నిండా పళ్లే గాని ఎక్కడా పశ్చాత్తాపం లేదు. తెల్లగా చేయించుకునే సోకు పట్టుకుందని అర్థమైంది. పైన సున్నం, లోపల ఎముకలు. అలాంటి సమాధుల గురించి ఏం రాసుందో నీకు చెప్పక్కర్లేదు.

మందుల సంగతి అడిగావు. అడిగితే చెప్పనా? నీకు రెండేళ్లు నిండింది మొదలు అయిదేళ్ల దాకా నెల తిరిగేసరికి జ్వరం. దగ్గు, చెవిలో చీము. నా భుజం మీదే నిద్రపోయేదానివి. నేను పనిచేసిన డాక్టరు దగ్గర పసుపు క్యాప్సూళ్లు ఉండేవి, టెట్రాసైక్లిన్. పెద్దవాళ్లకి ధారాళంగా ఇచ్చేవాడు. పిల్లల మాటెత్తితే "వద్దయ్యా, వాళ్లకి వద్దు" అని సీసా మూత పెట్టేసేవాడు. ఎందుకు వద్దో నాకు తెలియదనుకున్నాడు! మంచి మందు పెద్దిళ్లవాళ్ల కోసం, మన పిల్లలకి రంగునీళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. క్యాప్సూల్ విప్పి, పొడి తేనెలో రంగరించి, నీ ముక్కు మూసి నోట్లో పోశాను. మూడో రోజుకి లేచి చెంగుచెంగున గెంతావు. ఆ తర్వాత ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా అదే పోశాను. నీకొక్కదానికేనా? సందులో ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా నా దగ్గరికే. ఆ తల్లులు ఈ రోజుకీ నన్ను చూస్తే చేతులు జోడిస్తారు. నేను వేదిక ఎక్కగలిగానంటే ఆ చేతులు ఎక్కించాయి.

ఆ పొడి లేకపోతే నువ్వు లేవు. మీ డాక్టరమ్మకి చెప్పు ఈ మాట. నోట్లోకి వెళ్లింది మనిషిని చెరపదు, నోట్లోంచి వచ్చేదే చెరుపుతుంది. నీ నోట్లోంచి వచ్చిన అబద్ధం సంగతి చూసుకో ముందు.

అన్నయ్య


జూలై 12

వదినా,

అన్నయ్య జవాబు ఇంకా రాలేదు. ఇది నీకు రాస్తున్నా. కవరు మీద నా పేరు కనిపిస్తే నీదాకా రానివ్వడని పంపినవాళ్ల పేరు రాయలేదు.

పళ్లు బాగుచేయించుకున్నాను. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. పళ్లకి సరిపోయే తొడుగు చేసి, అందులో తెల్లబరిచే మందు వేసి నెలల తరబడి పెట్టుకోవడం ఒకటి. చారలు పసుపుగా ఉంటే బాగా పనిచేస్తుందట. నావి బూడిదరంగుకి తిరిగిపోయాయి గనక సగమే పోతాయంది. రెండోది, పంటి ముందుభాగం కాస్త అరగదీసి పల్చటి పింగాణీ పెంకు అతికించడం. అరగదీసింది మళ్లీ పెరగదు, బాగా ఆలోచించుకో అంది. వారం ఆలోచించాను. ఆరు పళ్లకి ఆరు పెంకులు మా దగ్గరే చేశారు, వాటి రంగు మాత్రం నా బల్ల మీద నేనే ఎంచుకున్నా వదినా. పెళ్లికూతురి పళ్లలా మరీ తెల్లవి వద్దనుకున్నా. నా ముఖానికి ఏది నప్పుతుందో అయిదు లెక్కపెట్టేలోపే తేలింది.

ఫొటో పెట్టాను. చెయ్యి అడ్డం లేకుండా తీయించుకున్న మొదటి ఫొటో. నీకొక్కదానికే. బీరువాలో పెట్టుకో.

నీ ఆడపడుచు


జూలై 21

నా బంగారు తల్లీ,

ఏం రాయను, కళ్లు ఆగడం లేదు. ఫొటో చూశాను. మీ వదిన దాచబోయింది గాని ఆమె మొహం చూసి పట్టేశాను. ఇలాంటివి బీరువాలో పెట్టుకునేవా? దీపం వెలిగించి బుట్ట కింద పెడతారా?

ఆదివారం వేదిక మీద ఎత్తి చూపించాను. "మీరందరూ చూశారు, ఈ నోరు అప్పుడెలా ఉందో. ఇదిగో, ఇప్పుడు చూడండి. నా చెల్లెలు పొగాకు వదిలేసింది. వదిలేసిన నోటిని దేవుడు కడిగాడు" అన్నాను. మందిరం మందిరమంతా లేచి నిలబడింది. ముందు ఫిర్యాదు చేసిన ఆ తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఫొటో వరస వరసకీ చేతులు మారింది. ఇద్దరు మగవాళ్లు జేబుల్లోంచి పొగాకు పొట్లాలు తీసి నా కాళ్ల దగ్గర పడేశారు. నీ వల్ల, చెల్లమ్మా!

పెంకులు అవీ ఇవీ అని ఏదో రాశావు. డాక్టర్లు ప్రతిదానికీ ఏదో పేరు పెడతారు. అలవాటు మానకుండా పళ్లు తెల్లబడతాయా?

వేదిక మీద పోయిన పేరు వేదిక మీదే ఇచ్చేశాను. ఇక రా. తరగతి పిల్లలు ఎదురుచూస్తున్నారు.

పొంగిపోతున్న
అన్నయ్య


జూలై 29

అన్నయ్యా,

ఇచ్చేశావా? ఏమిచ్చావు? మొన్నటిదాకా నేను పొగాకు తిన్నానని నీకు అనుమానం. ఇప్పుడు రుజువు. నువ్వు చూపించిన రుజువు నా ఫొటోయే. ఆ పళ్లు తెల్లగా ఉన్నంతకాలం నేను పొగాకు మానిన ఆడదాన్ని. వరస వరసకీ పంచిపెట్టావు నన్ను.

నోట్లోకి వెళ్లింది మనిషిని చెరపదన్నావు. మరి నన్ను ఏ న్యాయం ప్రకారం వెలివేశావు? గ్రంథం నీ చేతిలో ఎప్పుడూ ఉంటుంది. ఎప్పుడూ ఎదుటివాడి వైపు తిప్పి పట్టుకుంటావు.

సరే, ఇక విను. నువ్వు గొప్పగా రాసిన ఆ ఉత్తరం డాక్టరమ్మకి చూపించాను. చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీ అన్నయ్య చెడ్డవాడు కాదమ్మా, మొండివాడు" అంది. ఆ పసుపు క్యాప్సూళ్లే అన్నయ్యా. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి పదేపదే వేస్తే, చిగురు కింద తయారవుతున్న పళ్లలోకి ఆ మందు ఇంకిపోతుంది. అందుకే కొత్త పళ్లు పసుపు చారలతో వస్తాయి. ఎండా వెలుతురూ తగిలేకొద్దీ ఏళ్ల మీద బూడిదరంగుకీ ముదురు గోధుమరంగుకీ తిరుగుతాయి. నీ డాక్టరు "వాళ్లకి వద్దయ్యా" అన్నది అందుకు. ఆయన పెద్దిళ్లవాళ్ల కోసం దాచుకోలేదు. పిల్లల కోసం మూత పెట్టాడు.

చారలు నువ్వు వేశావు. బొగ్గుపొడితో నువ్వే తోమావు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ చారలే చూపించి నా మీద తీర్పు కూడా నువ్వే చెప్పావు.

చెల్లెలు


ఆగస్టు 10

చెల్లెలికి,

నీ ఉత్తరం చదివి మొదట చింపేశాను. మీ వదిన ముక్కలు ఏరి, అన్నం మెతుకులతో అతికించి, భోజనం బల్ల మీద నా ముందు పెట్టింది. పక్కనే నిలబడి నా కళ్లలోకి చూసింది. పెళ్లయి ముప్పై ఏళ్లలో ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదలు.

అబద్ధం అనుకున్నాను. నిన్ను కాదు, ఆ డాక్టరమ్మని. దుకాణం నడుపుకునేవాళ్లు ఏమైనా చెబుతారు అనుకున్నాను. ఆదివారం వచ్చింది. పాట మొదలైంది. వేదిక మీద నిలబడినవాడికి పాటలో కనిపించేవి నోళ్లే, నీకు తెలుసు. ఇన్నేళ్లూ విన్నాను గాని చూడలేదు. ఆ రోజు చూశాను.

రొట్టెల కొట్టు ఆవిడ కూతురు. కరెంటు పని చేసే అతను. కుట్టుపని అక్కాచెల్లెళ్లిద్దరూ. నలుగురు. పై వరసలో అడ్డంగా, నీకుండేవే, అవే చారలు. గీత గీసినట్టు. నలుగురూ నీ ఈడువాళ్లు. నలుగురినీ ఒళ్లో పడుకోబెట్టుకుని, ముక్కు మూసి, తేనెలో కలిపి పోసినవాణ్ణి నేను. కుట్టుపని పెద్దమ్మాయి పాడేటప్పుడు రుమాలు అడ్డం పెట్టుకుంటుంది. భక్తితో తల వంచుకుంటోందని ఒకసారి ప్రసంగంలో మెచ్చుకున్నాను కూడా.

ఆ డాక్టరు మాట వినపడుతోంది. వద్దయ్యా, వాళ్లకి వద్దు. చెవులుండీ వినని జనాన్ని తిట్టిపోసిన ప్రవక్త మాటలతో ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆ జనం నేనే.

తప్పు నాది. నువ్వు ముట్టలేదు. నీకు రాసి ఇస్తున్నాను, ఈ ఉత్తరం దాచుకో. మోకాళ్ల మీద ఉండి రాస్తున్నాను. ఇంతటితో నన్ను వదిలెయ్యి.

అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యా,

మోకాళ్ల మీంచి లే. నీకు మోకాళ్ల నొప్పులు.

నాకు రాసిచ్చావు. నేను ముట్టలేదని నాకు ముందే తెలుసు! తెలియనిది వాళ్లకి. నన్ను తిట్టింది రెండొందల మంది ముందు, ఫొటో చూపించింది రెండొందల మంది ముందు, క్షమాపణ మాత్రం కవర్లో పెట్టి జిగురు అంటించి పంపుతావా?

వేదిక ఎక్కు. మందు పేరు చెప్పు. ఎందుకు ఇవ్వొద్దన్నారో, ఎలా ఇచ్చావో చెప్పు. ఆ నలుగురివీ అవే చారలని చెప్పు. వాళ్లు కూడా పళ్లు తోమని బద్ధకస్తులమనో, ఇంకేదో అనో తమని తామే తిట్టుకుంటూ బతుకుతుంటారు. నాలాగే.

చెప్పినట్టు రాసిన రోజు నేను వస్తాను. అంతదాకా రాను.

చెల్లెలు


ఆగస్టు 26

చెల్లమ్మా,

చెప్పాను. దేవుడి తోడు, చెప్పాను.

ఆదివారం గ్రంథం మూసి పక్కన పెట్టి, ఉత్త చేతులతో నిలబడ్డాను. "నా చెల్లెలు పొగాకు ముట్టలేదు. ఆమె పళ్లు అలా కావడానికి కారణం నేను. చిన్నప్పుడు ఇవ్వకూడని మందు ఇచ్చాను. ఆమె మీద నేను చెప్పింది అబద్ధం" అన్నాను. తల దించుకున్నాను. రాళ్లు పడతాయనుకున్నాను.

ఏమైందో తెలుసా? మొదటి వరసలో ముసలాయన లేచాడు. "చూశారా, చెల్లెలి మచ్చ తన నెత్తిన వేసుకుంటున్నాడు. అన్నంటే ఇలా ఉండాలి" అన్నాడు. అంతే, పాట అందుకున్నారు. నేను కాదు, కాదు, ఇది నిజం అని అరిచాను. ఎంత అరిస్తే అంత ఏడ్చారు. ఫిర్యాదు చేసిన ఆ తల్లి వచ్చి నా చేతులు కళ్లకద్దుకుని, "ఆవిడ మానేసింది కదయ్యా, ఇంకా ఎందుకు మీరు నింద మోస్తారు?" అంది. బయటికొచ్చాక మగవాళ్లు నన్ను భుజం తట్టారు. నేనేం చెప్పినా వాళ్ల చెవిలో మంచి మాటగానే పడుతోంది. ఇరవై ఏళ్లు అలా వినడం నేర్పింది నేనే.

ఆ నలుగురి సంగతి ఎత్తలేదు. ఎత్తుదామనే లేచాను. రొట్టెల కొట్టు ముసలావిడ కూతురి పక్కనే కూచుని నా వంక చూసి నవ్వింది, చేతులు జోడించింది. ఒక్కసారి ఆ మాట అంటే ఇక నేను ఎవర్ని? కంపౌండర్నీ కాదు, బోధకుణ్ణీ కాదు. ఈ వయసులో నాకు ఇంకేం మిగులుతుంది?

నువ్వడిగింది చేశాను. నమ్మకపోవడం వాళ్ల తప్పు. ఇంతకంటే నన్నేం చెయ్యమంటావు? రా తల్లీ.

అన్నయ్య


సెప్టెంబరు 2

అన్నయ్యా,

ఏం చెయ్యమంటావు అని అడిగావు. చెబుతాను.

నీ మాట ఒక్కటే అయితే వాళ్లు నమ్మరు. నీకది తెలుసు. నమ్మించే సాక్షులు నలుగురు నీ కళ్లెదుట కూచున్నారు. "మీ నోళ్లు తెరవండి, ఈవిడకీ ఉన్నాయి, ఇతనికీ ఉన్నాయి, నలుగురికీ మందు పోసింది నేనే" అని ఒక్క మాట అంటే ఆ పాట ఆగిపోయేది. నువ్వు అనలేదు. నా పేరు తిరిగొచ్చేంత నిజం చెప్పలేదు, నీ పేరు పెరిగేంత చెప్పి ఆగావు. కావాలని చేశావని అనను. అక్కడిదాకా వచ్చి ఆగిపోయావు, అంతే. నా పేరు మళ్లీ పోయింది ఆ అడుగు దగ్గరే.

నా పళ్లు ఇప్పుడు తెల్లగా ఉన్నాయి. ఇక ఇవి ఎవరికీ ఏ సాక్ష్యమూ చెప్పలేవు. నా చేత్తో నేనే కప్పేసుకున్నాను. వాళ్ల నలుగురివీ ఇంకా చెప్పగలవు.

అందుకని నిన్న నలుగురికీ ఉత్తరాలు రాశాను. మందు పేరు రాశాను. ఏ వయసులో పోశారో, ఎవరు పోశారో, ఎందుకు పోయకూడదో రాశాను. ఆ చారలు వాళ్ల బద్ధకం వల్ల రాలేదనీ, ఏ పాపం వల్లా రాలేదనీ రాశాను. బొగ్గుతోనూ ఉప్పుతోనూ రుద్దుకోవద్దని, రుద్దితే పళ్లు అరుగుతాయి గాని రంగు పోదని రాశాను. ఏ రంగుకి ఏ వైద్యం పనిచేస్తుందో, అరగదీయించుకునే ముందు ఏం ఆలోచించుకోవాలో రాశాను. కుట్టుపని పెద్దమ్మాయికి రెండు పేజీలు ఎక్కువ రాశాను. నాలుగింటిలోనూ నీ మీద ఒక్క తిట్టు లేదు. నువ్వు మా మేలు కోరే పోశావని కూడా రాశాను, అది నిజం కాబట్టి.

శనివారానికి చేరతాయి. ఆదివారం నువ్వు వేదిక ఎక్కేసరికి నలుగురూ చదివేసి ఉంటారు, వాళ్ల తల్లులకి వినిపించేసి ఉంటారు.

నీ ఉత్తరం మాత్రం ఇవాళే పోస్టు చేస్తున్నాను, వాళ్లవి రేపు వేస్తాను. శుక్రవారం ఉదయానికి నీ చేతిలో ఉంటుంది. వాళ్ల ఇళ్లన్నీ ఒకే సందులో ఉన్నాయి. నువ్వు నడిచి వెళ్తే పది నిమిషాలు.

చెల్లెలు